60 నిమిషాల కంప్యూటర్, అరిచే పాఠకుడు: మా లైబ్రరీలో నాలుగు నెలలు నడిచిన ఒక కేసు

నేను ఇన్‌ఛార్జ్‌గా ఉన్న పబ్లిక్ లైబ్రరీలో జరిగిన కేసు ఇది. మనిషి ఎవరో గుర్తుపట్టేలా ఉన్న వివరాలు తీసేశాను, మిగతాది జరిగింది జరిగినట్టే రాస్తున్నా. లైబ్రరీల్లో పనిచేసేవాళ్ళం ఇలాంటివి ఒకరికొకరం పూర్తిగా చెప్పుకోం, "ఇవాళ ఒకాయన తగిలాడు" అని ఒక మాట అనుకుని ఇంటికెళ్ళిపోతాం, మర్నాడు అదే మనిషి అదే కుర్చీలో ఉంటాడు. అందుకే మేం చేసిన తప్పులతో సహా రాయాలనిపించింది.

మా సెటప్ పెద్దదేం కాదు. కింద హాల్లో పేపర్లు, పత్రికలు, 4 కంప్యూటర్లు, పైన పరీక్షలకి చదువుకునేవాళ్ళ హాలు. నేను కాక ముగ్గురు స్టాఫ్, ఆదివారం మాత్రం పార్ట్‌టైమ్ ఆవిడ ఒక్కరే. కంప్యూటర్ ఒక్కొక్కరికి 60 నిమిషాలు, టైమ్ అవ్వగానే సాఫ్ట్‌వేరే స్క్రీన్ మూసేస్తుంది.

ఆయనకి అరవై దాటి ఉంటాయి. తలుపులు తియ్యకముందే వచ్చి మెట్ల మీద కూర్చునేవాడు, తియ్యగానే నేరుగా మూడో కంప్యూటర్ దగ్గరికి వెళ్ళేవాడు. మొదట్లో కంప్లైంట్లు చిన్నవే, ఫోన్ స్పీకర్ పెట్టి మాట్లాడుతున్నాడని, పక్కవాళ్ళని "ఏం చూస్తున్నావ్" అని గద్దిస్తున్నాడని. తర్వాత టైమ్ అయినా లేవకపోవడం, స్క్రీన్ మూసుకుపోగానే బల్ల మీద చెయ్యేసి కొట్టడం, కౌంటర్ దగ్గరికొచ్చి "ఇది నా పన్ను డబ్బుతో నడిచే లైబ్రరీ" అని హాలంతా వినపడేలా అరవడం మొదలైంది.

మేం నలుగురం నాలుగు రకాలుగా చేశాం, ఈ కేసులో అసలు విషయం నా దృష్టిలో ఇదే. కౌంటర్‌లో ఉండే సీనియర్ గొడవెందుకులే అని అడక్కముందే ఇంకో అరగంట ఇచ్చేసేవాడు. అదే కౌంటర్‌లో కొత్తగా చేరిన అమ్మాయి రూల్ అంటే రూల్ అని ఆపేసేది. అటెండర్ దూరం నుంచే "పెద్దాయనా, మెల్లగా" అని కేకేసేవాడు, అంటే అరవొద్దని అరుస్తున్నాం అన్నమాట. ఇక నేను, ఎవరైనా వచ్చి కంప్లైంట్ చేస్తే "మీరు పైన కూర్చోండి, అక్కడ ప్రశాంతంగా ఉంటుంది" అని కంప్లైంట్ చేసినవాళ్ళనే లేపి పంపేవాణ్ణి. ఇబ్బంది పెడుతున్న మనిషి కుర్చీలో ఉండగా ఇబ్బంది పడుతున్న మనిషిని కదిలించాను, అదీ ఒకసారి కాదు. అప్పుడు అది సర్దుబాటు అనుకున్నాను.

గొడవ బద్దలైంది ఒక మధ్యాహ్నం. ఆయన టైమ్ అయిపోయింది, వెనక ఇద్దరు నిలబడి ఉన్నారు, కొత్త అమ్మాయి కౌంటర్‌లోంచే "సార్, మీ టైమ్ అయిపోయింది, లేవండి" అంది, అందరూ తలెత్తి చూశారు. ఆయన లేచి బల్ల మీద గట్టిగా కొట్టాడు, మౌస్ కింద పడింది, ఆ అమ్మాయిని ఇక్కడ రాయలేని ఒక మాట అన్నాడు. నేను లోపల్నుంచి పరుగున వచ్చి ఆయన మీదకి వంగినట్టు నిలబడి "ముందు బయటికి నడవండి" అన్నాను, నా గొంతు కూడా లేచింది. "ఏ రూల్ ప్రకారం? చూపించు" అన్నాడు. గోడ మీద బోర్డులో రెండే వాక్యాలున్నాయి, నిశ్శబ్దం పాటించవలెను, సిబ్బందితో మర్యాదగా మెలగవలెను. 60 నిమిషాల సంగతి లేదు, ఫోన్ సంగతి లేదు, బయటికి పంపే అధికారం ఎవరికి ఉందో, ఎంతసేపటికో లేదు. చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు, ఆయన మళ్ళీ కూర్చున్నాడు, వెనక నిలబడ్డ ఇద్దరూ వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం తలుపులేశాక నలుగుర్నీ కూర్చోబెట్టి, ఎవరికి వాళ్ళు చూసింది చూసినట్టు కాగితం మీద రాయమన్నాను, ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా. అన్నీ కలిపి చదివితే నలుగురం నాలుగు సంఘటనలు చూసినట్టుంది. ఒకరు "మౌస్ విసిరాడు" అని రాశారు, ఇంకొకరు "చెయ్యి తగిలి పడింది" అని. ఈ రెంటికీ చాలా తేడా ఉంది, రేపు పైఅధికారికో పోలీసుకో చెప్పాల్సొస్తే ఆ తేడా మీదే అంతా నిలబడుతుంది.

మర్నాటి నుంచే సంఘటనల రిజిస్టర్ ఒకటి మొదలుపెట్టాం. తేదీ, టైమ్, ఏ చోట, ఆయన ఏం చేశాడు ఏం అన్నాడు, మనం ఏం అన్నాం, ఎలా ముగిసింది, పక్కన ఎవరున్నారు, అంతే. విశేషణాలు వద్దన్నాను, పిచ్చివాడు, పొగరుబోతు, తాగుబోతు, ఇవేవీ రాయకూడదు. ఒకరోజు వేరే పాఠకుడి గురించి "తాగి వచ్చాడు" అని రాసుంది, తాగడం చూశావా అంటే లేదు, మాట ముద్దగా ఉంది, అడుగు తూలుతోంది అన్నారు. మరి అదే రాయండి అన్నాను. ఎందుకంటే మాట ముద్దగా రావడం, తూలడం షుగర్ పడిపోయినా వస్తుంది, పక్షవాతం మొదలవుతున్నా వస్తుంది, మనం తాగుబోతు అని బయటికి పంపేస్తే ఆ మనిషి మెట్ల మీద పడిపోతాడు. అలాంటప్పుడు ముందు చెయ్యాల్సింది అంబులెన్స్‌కి ఫోన్. ఇది మాత్రం ప్రతి కౌంటర్ దగ్గరా ఉండేవాళ్ళకి నేర్పించి తీరాలని నా గట్టి నమ్మకం.

మూడు వారాల్లో ఆయన పేరు మీద 14 ఎంట్రీలొచ్చాయి, వరసగా చదివితే 11 ఒకేలా ఉన్నాయి, అన్నీ స్క్రీన్ మూసుకుపోయిన ఐదు నిమిషాల్లోపే. పొద్దున ఆయన మామూలుగానే ఉంటున్నాడు, పేపర్ చదువుకుని పోయిన రోజుల్లో ఒక్క గొడవా లేదు. మేమేమో అప్పటిదాకా "ఆయన ఎప్పుడూ అంతే" అనుకుంటూ వచ్చాం.

ఈలోగా రూల్స్ రాసుకునే పని పెట్టుకున్నాను. వేరేచోట్ల కోర్టులు లైబ్రరీల గురించి ఏమన్నాయో వెతికితే రెండు కేసులు బాగా పనికొచ్చాయి. అమెరికాలో మోరిస్‌టౌన్ లైబ్రరీ మీద ఇల్లు లేని ఒకాయన కేసు వేశాడు, 1991లో కింది కోర్టు లైబ్రరీ పెట్టిన రూల్స్ చెల్లవంది, 1992లో అప్పీల్ కోర్టు దాన్ని తిరగేసింది. అప్పీల్ కోర్టు మొదట చెప్పింది, లైబ్రరీకి వచ్చి సమాచారం తెలుసుకునే హక్కు ఆయనకుందని. ఆ తర్వాత, లైబ్రరీ అనేది చదువుకోడానికి, రాసుకోడానికి, నిశ్శబ్దంగా కూర్చోడానికి ఉన్న చోటు, ఆ పనికి అడ్డొచ్చే ప్రవర్తన మీద రూల్ పెట్టుకోవచ్చు అంది. ఇంకో కేసులో, 2001లో, వాషింగ్టన్ నగరంలోని పబ్లిక్ లైబ్రరీ "అభ్యంతరకరమైన వేషం" అని రాసుకున్న రూల్‌ని కోర్టు తప్పుపట్టింది, ఏది అభ్యంతరకరమో తేల్చే పని తలుపు దగ్గర నిలబడ్డవాడి ఇష్టానికి వదిలేశారని. ఆ తీర్పులు మనకి వర్తించక్కర్లేదు, కానీ రెండూ పక్కపక్కన పెట్టి చదివితే రూల్ ఎలా రాయాలో తెలిసిపోతుంది. మా బోర్డు మీద "మర్యాదగా" అన్న మాట ఉంది చూశారా, అది ఆ రెండో రకం రూలే, ఎవరికి నచ్చినట్టు వాళ్ళు వాడుకోవచ్చు.

కాబట్టి ఒక్క పేజీ రాశాం. ఫోన్ మాటలు వరండాలో, వీడియోకి హెడ్‌ఫోన్స్ తప్పనిసరి (లేకపోతే కౌంటర్‌లో అడిగితే ఇస్తాం), కంప్యూటర్ 60 నిమిషాలు, ఇంకొకరు వెయిట్ చెయ్యకపోతే పొడిగింపు, స్టాఫ్‌నైనా తోటి పాఠకుల్నైనా తిట్టడం, బెదిరించడం, వెంటపడటం కుదరదు. దాటితే మొదట గుర్తుచేస్తాం, రెండోసారి హెచ్చరిస్తాం, మూడోసారి ఆ రోజుకి వెళ్ళిపొమ్మంటాం, మళ్ళీ మళ్ళీ జరిగితే కొన్ని రోజుల సస్పెన్షన్, అది లెటర్ రూపంలో. చెయ్యి చేసుకోవడం, ఆయుధం, పిల్లల జోలికి వెళ్ళడం, ఒళ్ళు తాకడం లాంటివాటికి ఈ మెట్లేవీ లేవు, నేరుగా పోలీసులే. పైఅధికారి సంతకం పెట్టించి తలుపు దగ్గర, కంప్యూటర్ల దగ్గర, కౌంటర్ మీద అంటించాం. నాలుగు మౌస్‌ప్యాడ్‌ల పక్కన 60 నిమిషాల లైన్ ఒక్కటీ పెద్ద అక్షరాల్లో విడిగా పెట్టాం.

ఆయనతో మాట్లాడింది ఆ తర్వాత. గొడవ జరుగుతున్నప్పుడు కాదు, ఒక పొద్దున తలుపులు తీసే ముందు, ఆయన మెట్ల మీద కూర్చుని ఉన్నప్పుడు. లోపలికి పిలిచి పేపర్ల టేబుల్ పక్కన కూర్చోబెట్టాను, నా గదిలోకి తీసుకెళ్ళలేదు, తలుపేసిన గదిలో ఇద్దరమే ఉండకూడదు, ఆయనకీ మంచిది కాదు నాకూ మంచిది కాదు. సీనియర్ దూరంగా పేపర్లు సర్దుతూ కనపడుతున్నాడు. నేను ఎదురుగా కాకుండా పక్కగా కూర్చున్నాను, ఆయనకి తలుపు వైపు దారి ఖాళీగా వదిలాను. ముందు ఆ రోజు నేను గొంతు పెంచినందుకు సారీ చెప్పాను. తర్వాత అడిగాను, "సార్, మీరు కంప్యూటర్ మీద చేస్తున్న పనేంటో చెబుతారా, మూసుకుపోయినప్పుడల్లా మీకు చాలా నష్టం అవుతున్నట్టుంది" అని.

ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు, పింఛను ఫారం. ఆన్‌లైన్‌లో నింపాలి, మధ్యలో సేవ్ అవ్వదు, ఒక్కో వేలితో టైప్ చేసుకుంటూ సగం దాటేసరికి మా స్క్రీన్ మూసుకుపోతుంది, అంతా పోతుంది, మర్నాడు మళ్ళీ మొదటినుంచి. హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే ఒక చెవి సరిగ్గా వినపడదు కాబట్టి స్పీకర్. "ఎవర్నడగాలో తెలియలేదయ్యా, అడిగితే ఇంత చిన్న పని కూడా రాదా అంటారని" అన్నాడు. అన్ని రోజులు నేను ఆయనకి పది అడుగుల దూరంలో కూర్చున్నాను, ఒక్కసారి లేచి వెళ్ళి అడగలేదు. నాకు ఇప్పటికీ బాధగా ఉండేది అదే. ఫలానా ఫారం ఎలా నింపాలి అని అడిగేవాళ్ళకి సాయం చెయ్యడమే కదా మన పని, మన దేశపు గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ గారు 1931లో ప్రతి పాఠకుడికీ అతని పుస్తకం అని రాసింది ఇవాళ్టికి ఇలాంటి ఫారానికి కూడా వర్తిస్తుంది.

కానీ ఇక్కడొక మాట గట్టిగా చెప్పాలి. కారణం తెలిసింది కదా అని ఆయన అన్న మాట మాఫ్ కాదు. ఇది విన్నాక మా సీనియర్ "పాపం పెద్దాయన" అన్నాడు, కొత్త అమ్మాయి ముఖం చిన్నబుచ్చుకుంది, ఆ మాట పడింది తను. ఆయనకి కూడా అదే టేబుల్ దగ్గర చెప్పాను, ఫారం సంగతి మేం చూస్తాం, ఆ అమ్మాయిని అన్న మాట మాత్రం ఇంకోసారి ఎవర్ని అన్నా ఆ రోజుకి బయటికే, రూల్ ఇదిగో అని పేజీ చేతికిచ్చాను. ఆయన సారీ చెబుతానన్నాడు, నేను ముందు ఆ అమ్మాయిని అడిగాను, తను వద్దంది, ఇప్పుడే ఆయన్ని ఎదురుగా చూడలేనంది. సరే, బలవంతం చెయ్యలేదు, రెండు వారాలు తన డ్యూటీ పై హాలుకి మార్చాను, ఇది శిక్ష కాదని తనే అడిగింది కాబట్టి మార్చానని రోస్టర్ మీద రాశాను కూడా.

ఫారం పని రెండ్రోజుల్లో అయిపోయింది. ముందు కాగితం మీద అన్నీ రాసి పెట్టుకుని, రద్దీ లేని టైమ్‌లో ఆయన సీటుకి పొడిగింపు ఇచ్చి, అటెండర్ పక్కన కూర్చున్నాడు. టైప్ చేసింది ఆయనే, పాస్‌వర్డు, ఓటీపీ లాంటివి మా వాళ్ళు చూడకూడదని ముందే అనుకున్నాం. సాఫ్ట్‌వేర్‌లో 10 నిమిషాల ముందు ఒక మెసేజ్ వచ్చేలా సెట్టింగ్ ఉందని అప్పుడు తెలిసింది, ఎప్పటినుంచో ఉందట, ఎవరూ ఆన్ చెయ్యలేదు. ఆ ఒక్క మెసేజ్ ఆన్ చేశాక మిగతా పాఠకులతో కూడా టైమ్ దగ్గర వాదనలు బాగా తగ్గాయి.

ఇంతటితో అయిపోయిందనుకుంటే అవ్వలేదు. అలవాటు అలవాటే, కొన్నాళ్ళకి ఫోన్‌లో వీడియోలు హెడ్‌ఫోన్స్ లేకుండా మొదలెట్టాడు. సోమవారం నేను గుర్తుచేస్తే "నిన్న ఆవిడ ఏమీ అనలేదే" అన్నాడు. నిజమే, ఆదివారం ఆవిడ ఒక్కరే, భయపడి ఊరుకున్నారు. ఆయన అన్నదాంట్లో తప్పేముంది, ఆదివారం లేని రూల్ సోమవారం ఎక్కడినుంచి వచ్చింది? రూల్ అనేది కౌంటర్‌లో ఉన్న మనిషిని బట్టి మారితే, అది రూల్ లాగా కనిపించదు, ఆ మనిషికి నా మీద కోపం అన్నట్టే కనిపిస్తుంది. అప్పుడు ప్రతి గుర్తుచేయడం ఒక అవమానం అవుతుంది, గొడవ అక్కడే పుడుతుంది. మొదట్లో మేం నలుగురం నాలుగు రకాలుగా చేసినప్పుడు ఆయన కోపానికి సగం కట్టెలు మేమే వేశాం.

అందుకని ఎవరు చెప్పినా ఒకే మాటలు వచ్చేలా నలుగురం, ఆదివారం ఆవిడతో కలిపి ఐదుగురం, ప్రాక్టీస్ చేశాం, ఒకరు పాఠకుడు ఒకరు స్టాఫ్. దూరం నుంచి పిలవకూడదు, దగ్గరికెళ్ళి ఆయనకి మాత్రమే వినపడేలా చెప్పాలి, చెయ్యి అందనంత దూరం ఉంచాలి, చేతులు కనపడేలా ఉంచాలి, వేలు చూపించకూడదు. "శాంతించండి" అన్న మాట నిషేధం, ఆ మాటకి శాంతించినవాణ్ణి నేను చూడలేదు. దాని బదులు "మీరు చెప్పేది వింటాను, మెల్లగా చెబితే ఇప్పుడే చూస్తాను". అవతలివాళ్ళు గొంతు పెంచేకొద్దీ మనం తగ్గించాలి, స్పీడ్ కూడా తగ్గించాలి. రెండు దారులు చెప్పి నోరు మూసుకోవాలి, ఇదే అన్నిటికన్నా కష్టం, నాతో సహా అందరం ఆ నిశ్శబ్దాన్ని ఇంకో వాక్యంతో నింపేస్తాం, ఆ వాక్యమే మళ్ళీ గొడవ. ఇంకోటి, ఒంటరిగా ఉన్నట్టనిపిస్తే "ఎర్ర రిజిస్టర్ ఎక్కడుంది" అని గట్టిగా అడగాలి, మా దగ్గర ఎర్ర రిజిస్టరే లేదు, విన్నవాళ్ళు వచ్చి ఊరికే పక్కన నిలబడాలి.

మూడో నెలలో ఈ ప్రాక్టీస్ చేసింది వాడాల్సొచ్చింది. ఆయన పక్క కుర్చీలో ఉన్న కుర్రాణ్ణి బూతు తిట్టాడు. సీనియర్ వెళ్ళి, ఈ రోజుకి వెళ్ళిపోవాలని చెప్పాడు. వెళ్ళనన్నాడు. మేం ఆయన్ని ముట్టుకోలేదు, చుట్టూ ఉన్నవాళ్ళని పైకి పంపాం, ఈసారి కదిలించింది పోట్లాట మధ్య వాళ్ళకి దెబ్బ తగలకూడదని. నేను వెళ్ళి, "సార్, రెండుసార్లు చెప్పాం. ఇప్పుడు మీరు వెళ్తే రేపు మాట్లాడుకుందాం. వెళ్ళకపోతే పోలీసులకి ఫోన్ చేస్తాను" అన్నాను, అని ఆగాను. చాలా సేపు అనిపించింది, నిమిషం కూడా అయ్యుండదు. సంచి తీసుకుని వెళ్ళిపోయాడు.

7 రోజుల సస్పెన్షన్ లెటర్ ఇచ్చాం. ఏ రోజు, ఎన్నింటికి, ఏం జరిగింది, ఏ రూల్, ఎప్పటివరకు, ఒప్పుకోకపోతే ఎవరికి రాసుకోవచ్చు, ఈ వారం పుస్తకాలు ఫోన్ మీద రెన్యూ చేసుకోవచ్చు, ఇవన్నీ అందులో ఉన్నాయి. కొంతమంది శాశ్వతంగా ఆపెయ్యమన్నారు, నేను ఒప్పుకోలేదు. యునెస్కో, ఇఫ్లా (లైబ్రరీల అంతర్జాతీయ సమాఖ్య) కలిసి ఇచ్చిన పబ్లిక్ లైబ్రరీ మేనిఫెస్టో 1994దైనా, 2022లో మళ్ళీ రాసిందైనా, లైబ్రరీ అందరిదీ అనే మాట మీదే నిలబడి ఉంది, ఆ తలుపు మూయాలంటే చివరి మెట్టు దాకా వెళ్ళి ఉండాలి, మేం వెళ్ళలేదు. ఎనిమిదో రోజు ఆయన వచ్చినప్పుడు ముందు మేమే నమస్కారం పెట్టాం, పాత సంగతి ఎత్తకూడదని ముందే అనుకున్నాం. ఆ తర్వాత నెల రోజుల్లో ఆయన మీద ఒక్క ఎంట్రీ ఉంది, వరండాలో కాకుండా లోపల ఫోన్ ఎత్తాడని, గుర్తుచేస్తే బయటికెళ్ళాడు.

ఇలాంటి వాళ్ళలో కొందరికి మన చేతుల్లో లేని కష్టాలుంటాయి, ఇల్లు, మందులు, మానసిక ఆరోగ్యం. శాన్ ఫ్రాన్సిస్కో పబ్లిక్ లైబ్రరీ 2009లో ఫుల్‌టైమ్ సోషల్ వర్కర్‌నే పెట్టుకుంది, తర్వాత ఇంకొన్ని లైబ్రరీలూ ఆ దారి పట్టాయి. మాకు అంత లేదు, ఎవరికి ఫోన్ చెయ్యాలో నంబర్ల కాగితం ఒకటి కౌంటర్‌లో ఉంది.

చెప్పాల్సింది ఇంకొకటుంది. మూడో కంప్యూటర్‌కి ఎదురుగా కిటికీ పక్కన ఒక అమ్మాయి రోజూ కూర్చుని చదువుకునేది. ఎప్పుడు రావడం మానేసిందో మాలో ఎవరికీ గుర్తులేదు. గడువు దాటిన పుస్తకాల లిస్ట్ తీస్తుంటే ఆ పేరు కనపడింది, తర్వాత వాళ్ళ ఫ్రెండ్ వచ్చి పుస్తకాలు ఇచ్చేసి వెళ్ళింది, "అక్కడ గోలగా ఉంటోందని వేరేచోట చదువుకుంటోంది" అని చెప్పింది. ఒక్క కంప్లైంట్ ఇవ్వలేదు. మా రిజిస్టర్‌లో ఆ అమ్మాయికి చోటే లేదు, ఎందుకంటే అందులో అరిచినవాళ్ళు ఉంటారు, అరుపు విన్న స్టాఫ్ ఉంటారు, లేచి వెళ్ళిపోయినవాళ్ళు ఉండరు. మొదటి నెల "పోనీలే పెద్దాయన" అని నేను చూపించిన దయ ఖర్చు ఆ అమ్మాయి కట్టింది. ఫ్రెండ్ చేత కబురు పంపాను, రూల్స్ మారాయని, పైన కూడా చోటుందని. ఇంకా రాలేదు. ఇప్పుడు రిజిస్టర్‌లో ఒక గడి కలిపాం, సంఘటన టైమ్‌లో చుట్టూ ఎంతమంది ఉన్నారు, అయ్యాక ఎంతమంది మిగిలారు.

తేలనిది ఆదివారం. ఒక్క మనిషితో హాలు తెరిచి ఉంచడం సరికాదు, ఎన్ని ప్రాక్టీసులు చేసినా ఎర్ర రిజిస్టర్ అని పిలిస్తే వినేవాళ్ళు ఉండాలి కదా. రెండో మనిషి కావాలని రిజిస్టర్ కాపీలు జతచేసి రెండుసార్లు రాశాను, జవాబు రాలేదు. అప్పటిదాకా ఆదివారం చివరి గంట కంప్యూటర్లు ఆపేస్తున్నాం, ఆ సంగతి ఆ ఒక్క పేజీలో కలిపి మళ్ళీ సంతకం పెట్టించాం. మొదటి ఆదివారం ఆ కాగితం ముందు నిలబడి పూర్తిగా చదివింది ఆయనే అని పార్ట్‌టైమ్ ఆవిడ చెప్పారు, చదివి, పేపర్ల టేబుల్ వైపు వెళ్ళాడట.